సాయంత్రం వచ్చింది వణుకు కాదు: పార్కిన్సన్స్ మందులను వీడియోలో సర్దిన ఒక కేసు

"సాయంత్రం నాలుగు దాటితే నాన్నకు వణుకు బాగా పెరుగుతోంది డాక్టరుగారూ" అని నా రోగి ఒకాయన కూతురు ఫోనులో చెప్పింది. ఒకటి రెండు ప్రశ్నలు అడిగి, లెవోడోపాను (పార్కిన్సన్స్‌లో తగ్గిపోయే డోపమిన్ అనే మెదడు రసాయనాన్ని భర్తీ చేసే మందు) పూటకు ఒక మాత్ర నుంచి ఒకటిన్నరకు పెంచాను. మూడు వారాల తరువాత మళ్లీ ఫోను చేసింది. అదే మాట, ఇంకాస్త కంగారుగా. ఈసారి పెంచకుండా ఆగాను. అందులో నా గొప్ప ఏమీ లేదు. మందు పెంచితే తగ్గవలసినది పెరగడమేమిటన్న అనుమానం వచ్చిందంతే. నాలుగున్నరకు వీడియోలో చూపించమన్నాను. చూసినది వణుకు కాదు.

న్యూరాలజిస్టుగా ఎన్నో ఏళ్లు పనిచేశాక చేసిన ఆ పొరపాటు వల్లే ఈ కేసును ఇంత వివరంగా రాస్తున్నాను. రోగిని గుర్తుపట్టగల వివరాలు మార్చాను. రాయడానికి ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు.

చీటీ మీద ఉన్నది

వయసు 68. లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించారు. పార్కిన్సన్స్ అని తేలి తొమ్మిదేళ్లు. కుడి చేతి వణుకుతో మొదలై, కొన్నాళ్లకు కుడి కాలు ఈడ్వడం, ఆపైన ఎడమ వైపు కూడా బిగుసుకుపోవడం, గొంతు సన్నబడటం. మొదటి ఐదారేళ్లు రోజుకు మూడు మాత్రలతో ఇబ్బంది లేకుండా గడిచాయి. తరువాత ఒక మాత్రకూ ఇంకో మాత్రకూ మధ్య ఖాళీలు కనబడసాగాయి.

నా దగ్గర ఉన్న చీటీ ఇది: 100 మి.గ్రా. లెవోడోపా, 25 మి.గ్రా. కార్బిడోపా (లెవోడోపా మెదడుకు చేరేలోపు వృథా కాకుండా కాపాడేది) కలిసిన మాత్ర ఉదయం 7, 11, మధ్యాహ్నం 3, రాత్రి 7 గంటలకు ఒక్కొక్కటి. రాత్రి 10కి 200 మి.గ్రా. లెవోడోపాను నెమ్మదిగా విడుదల చేసే మాత్ర ఒకటి. ఉదయం రాసాజిలిన్ (మెదడులో డోపమిన్ విరిగిపోవడాన్ని తగ్గించే మందు) 1 మి.గ్రా. ఫోనులో నేను పెంచాక పగటి లెవోడోపా 400 నుంచి 600 మి.గ్రా.కు చేరింది.

నా దగ్గరికి రావాలంటే ఆయనకు నాలుగు గంటల ప్రయాణం. తిరిగి వెళ్లాక రెండు రోజులు మంచం దిగేవారు కాదట. వచ్చిన ప్రతిసారీ మాత్రం చక్కగా ఉండేవారు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచేవారు, వరండాలో నడిచి చూపించేవారు, వేళ్లు చకచకా ఆడించేవారు. పక్కనున్న భార్య "ఇంట్లో ఇలా ఉండరండీ" అనేవారు. సేవ చేసేవాళ్ల అలసటలోంచి వచ్చే మాటలే అనుకుని తల ఊపి ఊరుకునేవాణ్ణి. అసలు సంగతంతా ఆ మాటలోనే ఉందని నాకు తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇక్కడ మందు సంగతి కొంచెం చెప్పాలి. కార్బిడోపా తోడున్నా రక్తంలో లెవోడోపా సుమారు గంటన్నరకు సగమైపోతుంది. వ్యాధి తొలి ఏళ్లలో మెదడులో మిగిలిన కణాలు దాన్ని దాచుకుని కొద్దికొద్దిగా వాడుకుంటాయి కాబట్టి మాత్ర ఓ గంట ఆలస్యమైనా రోగికి తేడా తెలియదు. ఆ కణాలు తగ్గేకొద్దీ దాచుకునే చోటు తగ్గుతుంది. అప్పటినుంచి రోగి శరీరం గడియారాన్ని బట్టి నడుస్తుంది. పైగా ఈ మందు కడుపులో కాదు, చిన్నపేగు మొదటి భాగంలో ఒంటికి పడుతుంది. ఆహారంలోని ప్రోటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు అదే ద్వారంలోంచి లోపలికి వెళ్లాలి. ద్వారం దగ్గర తొక్కిసలాట జరిగితే ఓడేది సాధారణంగా మందే. పార్కిన్సన్స్ వల్ల జీర్ణాశయమే నెమ్మదిస్తుంది కనుక పన్నెండింటికి మింగిన మాత్ర రెండింటి దాకా కడుపులోనే కూర్చోవచ్చు.

నోటి ద్వారా ఇచ్చే డోపాను (నేటి లెవోడోపాకు తొలి రూపం) చిన్న మోతాదుతో మొదలుపెట్టి ఓపికగా పెంచుకుంటూ పోవచ్చని అమెరికాలో పనిచేసిన వైద్యుడు జార్జ్ కోట్జియాస్ 1967లో చూపించారు. ఆ పెంచడం మా వృత్తికి బాగా ఒంటబట్టింది. ఏ గంటకు, కడుపులో ఏముండగా అన్న ప్రశ్న అంతగా ఒంటబట్టలేదు. నాకైతే అసలే ఒంటబట్టలేదని ఈ కేసు చెబుతోంది.

నాలుగు వేళల్లో నాలుగు కాల్స్

నాలుగున్నర వీడియోలో మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మెడ ఒక పక్కకు వాలి, భుజం మెల్లగా పైకి లేచి, నడుము వంపు తిరిగి మళ్లీ వెనక్కి వస్తోంది. కాలి మడమ నేల మీద అర్ధచంద్రాలు గీస్తోంది. లయ లేదు. నీటిలో నాచు ఊగినట్టుంది. పార్కిన్సన్స్ వణుకు అలా ఉండదు. అది చేయి ఊరికే ఉన్నప్పుడు వస్తుంది, సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు ఒకే తూకంలో ఆడుతుంది, చేతికి పని చెబితే చాలావరకు అణుగుతుంది. నేను చూస్తున్నది డిస్కైనీసియా, అంటే మందు మోతాదు మించినప్పుడు వచ్చే మెలికల కదలిక. తగ్గించవలసిన మందును నేను పెంచాను.

తప్పు కూతురిది కాదు. ఆ ఇంట్లో ఒంట్లో కదిలేదంతా వణుకే. తొమ్మిదేళ్ల క్రితం జబ్బు ఆ పేరుతోనే గడప తొక్కింది, ఆ తరువాత వచ్చినవాటన్నిటికీ అదే పేరు మిగిలింది. వైద్యుడిగా ఆ మాటను విడదీసి అడగవలసింది నేను. ఇప్పుడు ఫోనులో ఎవరైనా వణుకు అనగానే "తాళం వేసినట్టు ఒకే వరుసలో ఆడుతోందా, ఒళ్లు మెలికలు తిరుగుతోందా? మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి మొదలైంది?" అని అడుగుతున్నాను. అడిగినా సరే, చూడకుండా మోతాదు పెంచడం మానేశాను.

ఆ రోజు తరువాత రెండు వారాల్లో మరో మూడు కాల్స్ పెట్టుకున్నాం. ఒక్కొక్కటి పది పదిహేను నిమిషాలే. వేళలు మాత్రం నాకు అనుకూలమైనవి కావు, ఆయన రోజులో ఇబ్బంది ఉన్నవి: ఉదయం పావు తక్కువ ఏడు, మొదటి మాత్రకు ముందు. మధ్యాహ్నం పన్నెండున్నర. రాత్రి పావు తక్కువ పది.

ఉదయం కాల్‌లో మొదట కనబడింది నల్లటి నీడ. వెనక కిటికీ, ముందు చీకటి. ఫోనును అటు తిప్పి, పుస్తకాల దొంతర మీద ఛాతీ ఎత్తులో నిలబెట్టించేసరికి ఐదు నిమిషాలు పోయాయి. ఆ ఐదు నిమిషాలు ఎప్పుడూ పోతాయి, వాటిని లెక్కలో వేసుకునే మొదలుపెట్టాలి. చేతులు ఒడిలో పెట్టుకుని వందలోంచి ఏడేసి తీసేస్తూ చెప్పమన్నాను. మనసు లెక్క మీదికి పోతే విశ్రాంతి వణుకు బయటపడుతుంది. మాస్టారి గొంతు వినబడీ వినబడనట్టున్నా నేను సర్దుకునే లోపే రెండుకు వచ్చేశారు. కుడి చేతి వణుకు మాత్రం స్పష్టంగా కనిపించింది. అసలైన వణుకు అదే. మాత్ర వేసుకున్న యాభై నిమిషాలకు అణిగిందని తరువాత చెప్పారు.

వేళ్లు తాటించమంటే చిత్రం ఆగి ఆగి వచ్చింది. ఆగినది ఆయన వేళ్లా, నెట్‌వర్కా? సెకనుకు ఏడెనిమిది చిత్రాలే చేరుతుంటే, సెకనుకు ఐదుసార్లు ఊగే చేయి ఉన్నది ఉన్నట్టు కనిపించదు. ఉన్న వణుకు మాయం కావచ్చు, లేని తడబాటు పుట్టుకు రావచ్చు. బల్ల మీద తాటించి శబ్దం వినిపించమంటే ఇంకో చిక్కు. వెనకటి రొద వినిపించకుండా చేసే సౌకర్యం ఆ టకటకను కూడా రొద కింద కట్టి మింగేసింది. పార్కిన్సన్స్ వాళ్ల సన్నని గొంతునూ అది అలాగే మింగుతుంది. చివరికి కుదిరిన ఉపాయం చాలా మామూలుది. కూతురు వచ్చిన రోజున ముప్పై సెకన్ల వీడియోను ఫోనులోనే తీసి పంపింది: వేళ్లు, మడమ, కుర్చీలోంచి లేవడం, నడిచి వెనక్కి తిరగడం. నేరుగా మాట్లాడటానికి కాల్, కదలిక చూడటానికి తీసి పంపిన వీడియో. అప్పటినుంచి ఈ రెండింటినీ కలపడం లేదు.

మాత్రల డబ్బా

పన్నెండున్నర కాల్‌లో ఆయన్ని పరీక్షించలేదు. "అమ్మా, ఇప్పుడు ఇవ్వబోయే మందులు ఎలా ఇస్తారో రోజూలాగే ఇవ్వండి, నేను ఊరికే చూస్తాను" అన్నాను. పదకొండింటి మాత్ర అప్పటికింకా ఇవ్వలేదు! పనులు తెమిలాక భోజనంతో పాటు ఇస్తున్నారట. ఇంకో మందు పొట్లం మీద "భోజనం తరువాత" అని ఉంటే, అన్నిటికీ అదే నియమం అనుకున్నారు. అరచేతిలో లెవోడోపా మాత్రల పక్కన ఎర్రటి మాత్ర ఒకటి ఉంది. కెమెరా దగ్గరగా పట్టమంటే తెలిసింది, ఇనుము మాత్ర. రక్తహీనతకు ఏడాది క్రితం వేరే వైద్యుడు మూడు నెలలకని రాశారు, ఆపమని ఎవరూ చెప్పలేదు. ఇనుము లెవోడోపాతో ముడిపడి దాన్ని ఒంటికి పట్టనివ్వదు. మధ్యాహ్నపు మాత్ర "పని చేయకపోవడానికి" మూడు కారణాలు ఆ అరచేతిలోనే ఉన్నాయి: ఆలస్యం, ఆహారం, ఇనుము. అది కడుపులో ఆగి ఆగి చివరకు దిగేసరికి మూడింటి ఒకటిన్నర మాత్ర కూడా దానికి తోడయ్యేది. సాయంత్రం మెలికల్లో కొంత భాగం అదే.

మిగతా డబ్బా అంతా బల్ల మీద బోర్లించమన్నాను. ఇది ప్రతి కేసులో చేస్తాను. ముఖ్యంగా రెండింటి కోసం వెతుకుతాను. ఒకటి మెటోక్లోప్రమైడ్. వాంతులకు విరివిగా ఇచ్చే ఈ మందు మెదడులో డోపమిన్‌ను అడ్డుకుంటుంది, పార్కిన్సన్స్ ఉన్నవారికి ఇవ్వకూడదు. రెండోది రాసాజిలిన్ వాడేవారికి పడని డెక్స్ట్రోమెథార్ఫాన్, దగ్గు మందుల్లో ఉంటుంది. మొదటిది లేదు. రెండోది సీల్ తీయని సీసాలో దొరికింది. పక్కన పెట్టించాను.

రాత్రి కాల్‌లో మరొకటి బయటపడింది. ఆమె నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి, పొడిని పాలలో కలుపుతున్నారు. "రాత్రిళ్లు మింగలేకపోతున్నారండీ, గొంతులో అడ్డం పడుతోంది" అన్నారు. ఆ మాత్ర గొప్పతనమంతా దాని కట్టులో ఉంది. నలిపితే గంటల మీద విడుదల కావలసిన మందు ఒక్కసారిగా వదిలిపోతుంది, తెల్లవారే సరికి ఏమీ మిగలదు. ఉదయం పావు తక్కువ ఏడుకు నేను చూసిన బిగుసుకుపోయిన మనిషికి అదొక కారణం. చీటీ మీద నేను రాసింది ఒకటి, ఆ ఇంట్లో నడుస్తున్నది ఒకటి. చీటీ తెచ్చి చూపించడం వల్ల ఎన్నేళ్లయినా ఇది నాకు తెలిసేది కాదు.

ముప్పై ఆరు సగాలు

ఇంకో లెక్క తేలలేదు. రోజుకు ఆరు చొప్పున నెలకు 180 మాత్రలు కొన్నారు. 27వ రోజుకే అయిపోయాయని భార్య చెప్పారు. 27 రోజులకు కావలసినవి 162. మిగతా 18 ఏమయ్యాయి?

వీడియోలో ఏకాంతం ఉండదు. కెమెరాకు కనబడని చోట ఎవరో ఒకరు ఉంటారు. మనం రోగిని అడిగితే జవాబు గోడ వెనకనుంచి వస్తుంది. ఆయనను ఇయర్‌ఫోన్ పెట్టుకోమని, ఐదు నిమిషాలు తలుపు వేసుకోనివ్వమని అడిగాను. తలుపు పడ్డాక "మాస్టారూ, పద్దెనిమిది మాత్రలంటే ముప్పై ఆరు సగాలు" అన్నాను. ఆయన నవ్వారు. ఆ బిగుసుకున్న ముఖంలో నవ్వు కళ్లలోనే తెలిసింది. ఎవరైనా ఇంటికి వస్తున్నారంటే అరగంట ముందు సగం మాత్ర. బయటికి వెళ్లాలంటే సగం. పాత విద్యార్థి ఫోను చేస్తే, గొంతు సరిగా పలకాలని, సగం. నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర ఆగి ఒక సగం. ఎనిమిది నెలలుగా నేను చూసింది ఆ సగం మాత్రనే!

ఇది వ్యసనమా? ఇంపల్స్ నియంత్రణ (తోచిన కోరికను ఆపుకోగల శక్తి) దెబ్బతిని మందును మోతాదుకు మించి వాడుకుంటూ పోయేవారు ఉంటారు. అది గుర్తుంచుకునే జూదం, కొనుగోళ్లు, నిద్ర, కోపం గురించి విడివిడిగా అడిగాను. అలాంటివేమీ లేవు. ఈయనది పరువు లెక్క. నలుగురి ముందు రాయిలా కూర్చోవడం ఇష్టం లేదు. నిజం చెప్పాలంటే ఆ లెక్క నాకు బాగానే అర్థమైంది.

సాయంత్రం మెలికలు మందు వల్ల వస్తున్నాయని చెప్పగానే "అయితే మానేస్తాను" అన్నారు. ఆ మాటకు నాకు నిజంగా భయం వేసింది. లెవోడోపాను ఒక్కసారిగా ఆపితే ఒళ్లు కొయ్యబారి, తీవ్రమైన జ్వరం వచ్చి, తెలివి తప్పి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఆయనకూ, తలుపు తీశాక ఆమెకూ, సాయంత్రం కూతురికీ, మూడుసార్లు మూడు విధాలుగా చెప్పాను.

దినచర్య పుస్తకం

రోజును అరగంటలుగా విడగొట్టి, ప్రతి గడిలో నిద్ర, ఆఫ్ (మందు పనిచేయక బిగుసుకున్న వేళ), ఆన్ (మందు పనిచేస్తున్న వేళ), మెలికలతో ఆన్ అని గుర్తు పెట్టే పట్టిక పార్కిన్సన్స్ పరిశోధనల్లో ఎప్పటినుంచో వాడుకలో ఉంది. మూడు రోజులు రాయమన్నాను. మాస్టారు గళ్లు నచ్చక గ్రాఫ్ గీశారు. అడ్డంగా గంటలు, నిలువుగా తను ఎంత కదలగలుగుతున్నదీ, పక్కన రెండు మాటల్లో వ్యాఖ్య.

నాలుగో రోజు పేజీని కెమెరా ముందు పట్టుకున్నారు. గ్రాఫ్ కంటే ముందు నా కళ్లు చేతిరాత మీద పడ్డాయి. ఎనిమిదిన్నర దగ్గర అక్షరాలు గుండ్రంగా, ఒక తరగతి గదికి సరిపోయేంత ఉన్నాయి. పన్నెండున్నరకు చిన్నబడ్డాయి. ఒంటిగంటన్నరకు చీమల బారు. "భోజనం అయింది" అన్న రెండు మాటల్లో రెండోది గీతలా మిగిలింది. నాలుగున్నరకు అక్షరాలు పెద్దవే కానీ గీత దాటి ఎగిరిపడుతున్నాయి. పార్కిన్సన్స్‌లో రాత కుంచించుకుపోతుంది, మందు ఎక్కినప్పుడు కొంత కోలుకుంటుంది. ఆ పేజీ పట్టికా, పరీక్షా రెండూ అయింది. అంకెలు ఇలా తేలాయి: మెలకువగా ఉన్న వేళల్లో రోజుకు సగటున ఐదు గంటలు ఆఫ్, రెండున్నర గంటలు ఇబ్బంది పెట్టే మెలికలు.

మార్పులు, ఒకటొకటిగా

దూరం నుంచి మందులు మార్చేటప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఒక్కసారికి ఒకే మార్పు, కనీసం ఐదు రోజుల విరామం. రెండు ఒకేసారి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు, తెలుసుకోవడానికి మనిషి ఎదురుగా ఉండరు.

మొదట మోతాదు ముట్టుకోలేదు. పదకొండింటి మాత్రను పదకొండింటికే, ఖాళీ కడుపుతో ఇవ్వడం. భోజనం ఒంటిగంటకు. అంతవరకే. ఇనుము మాత్రను భోజనానికి జరిపాం, రెండు వైపులా లెవోడోపాకు రెండేసి గంటల ఎడం ఉండేలా. తరువాత రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎప్పుడో కోలుకుందని తేలింది, రాసిన వైద్యుడే దాన్ని ఆపేశారు. వారం తిరగకుండానే మధ్యాహ్నపు చీమల బారు చాలావరకు మాయమైంది.

రాత్రి మాత్రకు దొరికిన విరుగుడు ఆయనే చెప్పారు. పదింటికి రాత్రి ఏడింటి మందు దిగిపోయి గొంతు కూడా బిగుసుకుంటోంది. దానివల్లే మింగలేకపోతున్నారు. మందు ఇంకా పనిచేస్తున్న వేళలోనే ఆ మాత్ర వేసుకుంటే? చేసి చూశాం, నలపకుండానే దిగింది. అయినా మింగే శక్తిని నేరుగా పరీక్షించవలసిన అవసరం పోలేదు. వీడియోలో గొంతు లోపల ఏం జరుగుతుందో కనబడదు.

ఆపైన మోతాదు. మూడింటి ఒకటిన్నరను ఒకటి చేశాం, ఐదు రోజులకు మిగతావి కూడా. మెలికలు బాగా తగ్గాయి. కానీ ఒక్క మాత్ర మూడున్నర గంటలకే దిగిపోతోందని గ్రాఫ్ చూపించింది. అందుకని మోతాదు పెంచకుండా ఎడం తగ్గించాం: ఉదయం 6.30, 10, మధ్యాహ్నం 1.30, సాయంత్రం 5, రాత్రి 8.30. పూటకు ఒక్కటే, రోజుకు ఐదు. భోజనం రెండింపావుకు జరిగింది. రాత్రి మాత్ర తొమ్మిదిన్నరకు.

సగం మాత్రను నిషేధించలేదు. నిషేధిస్తే అది మళ్లీ జేబులోకి వెళ్తుంది. రోజుకు ఒక సగం, అవసరమైతేనే, పుస్తకంలో రాసి వేసుకోవచ్చని చీటీ మీదే రాశాను.

కెమెరాకు అందని అడుగు

ఇక నా రెండో పొరపాటు. మొదటి కాల్స్ అన్నిట్లో రక్తపోటు కూర్చోబెట్టే చూశాను. 126/78. తృప్తి పడ్డాను. నాలుగో వారంలో ఆమె ఊరికే మాటల్లో "పొద్దున లేవగానే గోడ పట్టుకుంటున్నారు" అన్నారు. వెంటనే పడుకోబెట్టి చూస్తే 138/82. సరే, లేచి నిలబడమన్నాను.

ఆయన లేచారు. తల తెర పై అంచు దాటింది. నాకు చొక్కా బొత్తాలు మాత్రమే కనబడుతున్నాయి. అవి మెల్లగా ఎడమ వైపుకు జరిగి తెరలోంచి తప్పుకున్నాయి. ధడాలున చప్పుడు. ఆ తరువాత ఖాళీ గోడ.

పడింది కుర్చీ. ఆయన మంచం మీదికి ఒరిగి కూర్చున్నారు. అది తెలిసేవరకు పట్టిన ఏడెనిమిది సెకన్లు నేను మరిచిపోను. ఎదురుగా ఉంటే చేయి పట్టుకునేవాణ్ణి. తెర ముందు అరవడం తప్ప చేయగలిగింది లేదు. అరిచాను కూడా.

అప్పటినుంచి నిలబెట్టే ముందు మంచం అంచు వెనక ఉండాలి, ఒక మనిషి పక్కన ఉండాలి, తెరలో పాదాలతో సహా మొత్తం మనిషి కనబడాలి. కాల్ మొదలవగానే ఆ క్షణాన వాళ్లు ఉన్న చిరునామా, అక్కడ అత్యవసరంగా పిలవగల నంబరు రాసుకుంటాను. రోగి కూతురింట్లో ఉండి, నా దగ్గర పాత ఇంటి చిరునామా ఉంటే అంబులెన్సు ఎక్కడికి వెళ్లాలి?

రెండు రోజుల తరువాత, కూతురు పక్కన ఉండగా, సరిగా కొలిచాం. పడుకుని 138/82, నిలబడ్డ ఒక నిమిషానికి 118/74, మూడో నిమిషానికి 106/68. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటాం. ఈయనకు పై అంకె 32 పడింది. వ్యాధి వల్ల కొంత, లెవోడోపా, రాసాజిలిన్‌ల వల్ల కొంత. వీటికి తోడు పదేళ్ల నాటి రక్తపోటు మాత్ర, ఆమ్లోడిపిన్, రోజూ ఉదయం నడుస్తూనే ఉంది. అది రాసిన వైద్యుడికి ఫోను చేశాను. ఆయన ముందు సగానికి తగ్గించి, తరువాత ఆపేశారు. నీళ్లు కాస్త ఎక్కువ తాగడం, మంచం తలవైపు ఎత్తు పెంచడం, లేచేముందు రెండు నిమిషాలు అంచున కూర్చోవడం. మూడు వారాలకు గోడ పట్టుకోవడం తగ్గింది.

పన్నెండో వారానికి

అప్పటి మూడు రోజుల గ్రాఫ్ ప్రకారం ఆఫ్ వేళలు ఐదు గంటల నుంచి రెండుకు, ఇబ్బంది పెట్టే మెలికలు రెండున్నర గంటల నుంచి అరగంటకు దిగాయి. లెవోడోపా పగటి మోతాదు 600 నుంచి 500 మి.గ్రా. అయింది, దొంగ సగాలు కలిపితే తగ్గింది ఇంకా ఎక్కువే. కొత్త మందు ఒక్కటీ చేర్చలేదు. లెవోడోపా ప్రభావాన్ని సాగదీసే ఎంటకపోన్ చేర్చాలన్న ఆలోచన మొదట్లో గట్టిగానే ఉండేది. చేర్చి ఉంటే ప్రతి మోతాదు ప్రభావమూ సాగేది, వాటితో పాటు మెలికలూ సాగేవి.

బాగుపడనివి కూడా రాయాలి. ఉదయం మొదటి మాత్ర ఎక్కడానికి ఇప్పటికీ నలభై నిమిషాల పైనే పడుతోంది. మలబద్ధకం అలాగే ఉంది. వెనక్కి తిరిగేటప్పుడు కాళ్లు నేలకు అతుక్కుపోవడం ఆన్‌లో కూడా అప్పుడప్పుడూ ఉంది. అది మందుకు అంతగా లొంగే లక్షణం కాదు. కండరాల బిగువును చేత్తో వంచి చూడకుండా అంచనా వేయలేను. వెనక నుంచి భుజాలు లాగి నిలకడ చూసే పరీక్షను ఇంట్లో వాళ్లతో చేయించడం ప్రమాదం, చేయించను. ఒక కాల్ నెట్‌వర్కు లేక సగంలోనే పోయింది. అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది ఆవిడ రోజు. నాలుగు వేళలు ఐదయ్యాయి, భోజనం వాటి చుట్టూ తిరుగుతోంది, ఫోనులో అలారం మోగినప్పుడల్లా ఆమె పని ఆపాలి. "ఆయన మాత్రలకు ఆయన కంటే నేనే కట్టుబడి ఉన్నానండీ" అన్నారు ఒకసారి. ఈ చికిత్స నడుస్తున్నది ఆమె కాళ్ల మీద. కూతురు వారానికి రెండు పూటలు వచ్చి ఆమెను విడుదల చేసేలా మాట్లాడుకున్నారు.

2017లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 195 మంది పార్కిన్సన్స్ రోగులను తీసుకుని, కొందరికి మామూలు వైద్యంతో పాటు ఏడాదిలో నాలుగు వీడియో సంప్రదింపులు ఇచ్చి చూశారు. ప్రయాణం, సమయం ఆదా అయ్యాయి. జీవన నాణ్యతలో మాత్రం తేడా రాలేదు. ఈ కేసు చూశాక నాకు అది వింతగా తోచలేదు. ఆసుపత్రి గదిని తెర మీదికి మార్చినంత మాత్రాన ఏదీ మారదు. పావు తక్కువ పదికి రెండు చెంచాల మధ్య మాత్ర నలుగుతుండగా చూడటం వేరు. అలాగని ఒక్క మాస్టారి గ్రాఫుతో ఆ ఫలితాన్ని తోసిపుచ్చే పని కూడా నేను చేయను.

వచ్చే నెలలో ఆయన నేరుగా రావాలి. మింగే పరీక్ష, నిలకడ, కండరాల బిగువు, ఇంకా కెమెరా చూడనివన్నీ చూడాలి. తారీఖు చెప్పి, "ఆ ఉదయం మాత్ర వేసుకోకండి మాస్టారూ, వెంట తెచ్చుకోండి. ముందు ఆఫ్‌లో చూస్తాను, ఇక్కడే వేసుకున్నాక గంటకు మళ్లీ చూస్తాను. ఒంటరిగా రాకండి, చక్రాల కుర్చీ గేటు దగ్గరే ఉంచుతాను" అన్నాను.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. నెట్‌వర్కు ఆగిందేమో అనుకున్నాను.

"గేటు దగ్గర సగం కూడా వద్దా?"

"వద్దు."

తెరకు అవతలి నుంచి ఆమె గొంతు వినబడింది. "ఆ సగం నా దగ్గర ఉంటుందిలెండి."